ఠాణాకూ పౌరునికీ నడుమ పెద్దమనిషి

బందరు, గుడివాడ, దివిసీమలలో పోలీసునకు ప్రజ కనబడు తీరు, ప్రజకు పోలీసు కనబడు తీరు: రెండు వందల యేండ్ల కథ

ప్రతి సోమవారము మచిలీపట్నము (బందరు)లోని జిల్లా పోలీసు కార్యాలయమున ‘మీకోసం’ అను పేర జరుగు అర్జీల స్వీకరణకు వచ్చువారిలో, తెల్లవారకమునుపే నాగాయలంకలోనో కోడూరులోనో గుడివాడ చుట్టుపట్ల ఏదో పల్లెలోనో బస్సెక్కినవారు, ఆ రాకకై ఒకనాటి కూలి వదలుకొన్నవారు, అర్జీ వ్రాయించుకొనుటకు మరొకరికి పైకమిచ్చినవారు ఎందరో ఉందురు. గట్టు జరిపి పొలము కలుపుకొన్న దాయాది, ముదిమిలో తల్లిదండ్రులకు తిండి పెట్టని కొడుకు, కట్నము చాలలేదని కోడలిని పుట్టింటికి తరిమిన అత్తవారు, ఉద్యోగ మిప్పింతునని సొమ్ము పుచ్చుకొని మొగము చాటువేసిన పరిచయస్థుడు: వారము వారము వినవచ్చు మొర ఇంచుమించు ఇదియే. జిల్లా ఎస్పీ స్వయముగా చెవియొగ్గి వినవలసినంత చిక్కుగలవి వీనిలో మిక్కిలి తక్కువ. కొన్ని యసలు పోలీసుల పరిధిలోనివే కావు, సివిలు కోర్టుకు చెందినవి. మరి తమ మండలములోనే ఠాణా ఉండగా, బస్సులో దాని ముంగిటనుండియే సాగి, జిల్లా కేంద్రము దాక వీరెందుకు వచ్చుచున్నారు?

క్రింది ఉద్యోగులు లంచగొండులనియో కఠినులనియో చెప్పి ఊరకుండుట సులభము. ఆ మాటలో కొంత నిజము కలదు గాని, మంచి సబ్ ఇనస్పెక్టరు వచ్చిన ఠాణానుండి కూడ జనము బందరునకు వచ్చుచునే యున్నారన్న సంగతికి అది సమాధానము కాజాలదు. ఠాణా మెట్లెక్కిన మనిషిని అక్కడివారు తూచునది అతడు పొందిన నష్టముతో గాక అతని వెనుకనున్న బలముతో. ఆ మెట్లెక్కవలసివచ్చిన మనిషియు ఇంటినుండి కదలకమునుపే ఆలోచించునది ఎవరిచేత చెప్పింపవలెనని. ఈ ఇరువురి నడుమ ఒక పెద్దమనిషి నిలిచియున్నాడు. కాలానుగుణముగా అతని పేరు మారినది, వేషము మారినది, చేతిలోని పరికరము కఱ్ఱనుండి ఉత్తరమునకును, ఉత్తరమునుండి సెల్‌ఫోనునకును మారినది. స్థానము మాత్రము చెక్కుచెదరలేదు. కృష్ణా డెల్టాలో పోలీసు పౌరుని ఎట్లు చూచునో తెలియవలెనన్నచో, ముందుగా ఈ నడిమి మనిషి చరిత్ర తెలియవలెను.

శిస్తు చేయి, శిక్ష చేయి

ఈస్టిండియా కంపెనీవారి మద్రాసు ప్రభుత్వము 1816లో పదునొకండవ రెగ్యులేషను చేసి, గ్రామ పోలీసు బాధ్యతను గ్రామాధికారులకును, తాలూకా బాధ్యతను తహసీలుదారునకును, జిల్లా బాధ్యతను మేజిస్ట్రేటు అధికారము కూడ వహించిన కలెక్టరునకును అప్పగించెను. తలారి రాత్రివేళ ఊరు కాచును; మునసబు అతడు చెప్పినది విని తాలూకాకు తెలుపును; తాలూకా జిల్లాకు విన్నవించును. చూచుటకు చక్కని యేర్పాటే. కాని శిస్తు వసూలు చేయు చేతికే దొంగను పట్టు అధికారము కూడ దక్కుటచేత, బకాయి పడిన రైతును, చోరీ నేరమున అనుమానింపబడిన కూలివానిని ఒకే మనిషి ఒకే అరుగు ముందు నిలువబెట్టుటయు, ఒకే విధముగా ఒప్పించుటయు ఆచారమయ్యెను. 1854లో నియమింపబడి మరుసటి యేట నివేదిక సమర్పించిన మద్రాసు చిత్రహింసల విచారణ సంఘము ఈ ఆచారమునే బయటపెట్టినది. వ్రేళ్ళను రెండు కఱ్ఱల నడుమ బిగించి నలుపు కిట్టి, మెడ వంచి కాళ్ళకు కట్టివేయుట, మండుటెండలో నిలువబెట్టుట: శిస్తు రాబట్టుటకు వాడిన విద్యలే నేరము నొప్పించుటకును వాడబడుచున్నవని ఆ సంఘము కంపెనీవారికి తెలియజెప్పెను.

ఆ నివేదిక పర్యవసానముగా 1859లో ఇరువది నాలుగవ చట్టము వచ్చి, మద్రాసు రాజధానిలో పోలీసును రెవిన్యూనుండి వేరుచేసి, ఇనస్పెక్టరు జనరలు చేతిక్రింద ప్రత్యేక దళముగా నిలిపెను. దేశములోని అధిక భాగమునకు 1861 నాటి పోలీసు చట్టము ఆధారము కాగా, కృష్ణా వంటి కోస్తా జిల్లాలకు అంతకు రెండేండ్లు ముందుదైన ఈ మద్రాసు చట్టమే మూలమగుట గమనింపదగినది. హింస చూచి పుట్టిన చట్టమైనను, అది ఎన్నుకొన్న నమూనా ప్రజాహితమైనది కాకపోయెను. లండను నగరములో 1829లో రాబర్టు పీలు నెలకొల్పిన పోలీసులు ఆయుధము లేక, సైన్యపు ఎఱ్ఱ దుస్తులకు భిన్నముగా నీలి దుస్తులు ధరించి, పౌరుల నడుమనే నివసించుచు మెలగవలసినవారు. ఐర్లండులో అట్లు కాదు: అచటి దళము సాయుధమైనది, బ్యారక్కులలో కాపురముండునది, ప్రభుత్వమునకే జవాబు చెప్పునది. ఇంగ్లీషువారు తమ యింటికొఱకు మొదటిదానిని ఉంచుకొని, ఏలుబడికి రెండవదానిని మనకు పంపిరి. ఖాకీ చొక్కాకు ఎదుట నిలిచిన మనిషి ఏలబడువాడు తప్ప సాటివాడు కాడన్న భావము అచ్చటనుండి దిగుమతియైనది.

ఇందులో ఒక విచిత్రము కలదు. పౌరుని అనుమానించు పోలీసును సృష్టించిన ప్రభుత్వమే, ఆ పోలీసును తానును నమ్మలేదు. 1872 నాటి సాక్ష్య చట్టము ఇరువది యైదవ సెక్షను, పోలీసు అధికారి యెదుట చేసిన నేరాంగీకారము ముద్దాయికి వ్యతిరేకముగా రుజువు కానేరదని శాసించెను. దర్యాప్తులో పోలీసు వ్రాసికొనిన సాక్షి వాఙ్మూలముపై సాక్షి సంతకము చేయరాదన్న నియమము నేటికిని అమలులో నున్నది. 2024 జులై 1 నుండి అమలునకు వచ్చిన క్రొత్త న్యాయచట్టములలో సెక్షనుల సంఖ్యలు మారినవి గాని ఈ అపనమ్మకము తొలగలేదు, తొలగింపదగినదని చెప్పుటకును వీలులేదు. అయితే తన మాటకు న్యాయస్థానములో విలువ లేదని ఉద్యోగారంభముననే తెలిసికొనిన మనిషి, ఆ విలువను ఠాణా నాలుగు గోడల నడుమ మరొక రీతిగా రాబట్టుకొనుటకు యత్నించును. పోలీసు దురుసుతనమునకు మూలములు వెదకువారు, లాఠీతోపాటు ఈ అవమానమును కూడ లెక్కలో చేర్చుకొనుట న్యాయము.

కోనేరు సెంటరు, కాటూరు

డెల్టా ప్రజల మనస్సులో పోలీసు రూపము రెండు ఘట్టములచేత గాఢముగా ముద్రపడినది. 1930లో ఉప్పు సత్యాగ్రహపు దినములలో బందరు కోనేరు సెంటరున జాతీయ పతాకము నెగురవేయ బూనిన తోట నరసయ్యనాయుడు, మల్లయుద్ధమున ఆరితేరిన దేహముగలవాడై యుండియు ఎదురు చేయి యెత్తక, లాఠీదెబ్బల క్రింద స్పృహ తప్పువరకు జెండా విడువలేదు. కృష్ణాపత్రికకును, ఆంధ్ర జాతీయ కళాశాలకును, పట్టాభి సీతారామయ్యకును నెలవైన ఆ పట్టణములో, ఆ దృశ్యము చూచినవారికి పోలీసనగా పరప్రభుత్వపు లాఠీ అన్న తలంపు స్థిరపడుట సహజము. లాఠీలు పట్టిన చేతులు మాత్రము అధికభాగము మన దేశీయులవే. ప్రభుత్వము మారిననాడు ఆ చేతుల నడవడి కూడ మారునని జనము ఆశించినది.

ఆ యాశ రెండేండ్లు కూడ నిలువలేదు. స్వతంత్ర భారతములో, 1949 జులైలో, కమ్యూనిస్టుల వేట పేర గుడివాడ ప్రాంతపు పల్లెలపై విడువబడిన మలబారు స్పెషల్ పోలీసులు ఎలమర్రు, కాటూరు గ్రామములలో మగవారిని వివస్త్రులను గావించి, గాంధీ విగ్రహము చెంతనే నడిపించిరి. మలబారు దళము 1921 నాటి మాప్పిళ్ళ తిరుగుబాటు నణచుటకై పుట్టినది. దానికి తెలుగు తెలియదు, ఈ నేల తెలియదు, ఎదుట నిలిచిన వానిలో రైతెవరో కూలియెవరో అజ్ఞాత కార్యకర్తయెవరో పోల్చుకొను తెలివిడి లేదు. ఊరంతయు దానికి ఒకే ముద్దాయి. భాష తెలియని దళమును ఎన్నుకొని పంపిన ప్రభుత్వము, తన ప్రజలను తన పోలీసు ఎరుగకుండుటనే యోగ్యతగా నెంచినదన్నమాట. దివి తాలూకా మంగళాపురమునుండి వచ్చిన చండ్ర రాజేశ్వరరావు వంటి నాయకుల పార్టీకి ఆ ప్రాంతములో దీర్ఘకాలము నిలిచిన బలమునకు భూమి సమస్య యెంత కారణమో, ఈ జ్ఞాపకము కూడ కొంత కారణము.

అట్టి దినములలో ఊరివారికి దిక్కెవ్వరు? ఊరిలోని మునసబు, లేదా మునసబును ఒప్పింపగల మోతుబరి. పోలీసు బలగము ఊరిలో దిగిననాడు ఎవరి యింటిపై దాడి జరుగవలెనో, ఎవరిని విడిచిపెట్టవలెనో అతని నోటిమాటపై ఆధారపడి యుండెను. భయము పెరిగినకొలది నడిమి మనిషికి గిరాకీ పెరుగును. ఇది పల్లెకు 1949 నేర్పిన పాఠము.

మునసబు పోయిన పిదప

మునసబు పదవి వంశపారంపర్యమైనది. 1895లో మద్రాసు ప్రభుత్వము చేసిన మూడవ చట్టము గ్రామోద్యోగములకు ఆ వంశానుక్రమమును శాసనరూపమున స్థిరపరచెను. కానిస్టేబులు ఊరికి వచ్చినచో ముందుగా దిగునది మునసబు అరుగుమీద. భోజనము అక్కడ, కబుర్లక్కడ, ఊరిలో మంచి యెవరు చెడ్డ యెవరన్న తీర్పు అక్కడ. మాలపల్లెలోనివాడో, సాలెల వీధిలోనివాడో, సముద్రతీరపు పల్లెకారుల పేటలోనివాడో పోలీసునకు ఎన్నడును నేరుగా కనబడలేదు. మునసబు మాటలలోనుండి వడగట్టబడి కనబడెను. వానికిని పోలీసు అట్లే కనబడెను. భూమి గలవారి కంటితో పోలీసు భూమి లేనివారిని చూచుట ఈ విధముగా ఏర్పడిన అలవాటు.

1984 జనవరిలో ముఖ్యమంత్రి నందమూరి తారక రామారావు ఒక ఆర్డినెన్సుతో కరణము, మునసబు పదవులను రద్దుచేసినపుడు, గుడివాడ చెంత నిమ్మకూరులో పుట్టిన మనిషి తన ఊరి అరుగు లెట్టివో తెలిసియే ఆ పని చేసెనని అనుకొన్నవారు కలరు. అది పెద్ద సంస్కారమనుటకు సందేహము లేదు. కాని పదవి పోయినంత మాత్రమున దాని అవసరము పోదు. పోలీసునకు ఊరి సమాచారము చెప్పువాడు కావలెను, ఊరివానికి పోలీసునొద్ద తన మాట చెప్పువాడు కావలెను. తాలూకాలు పోయి మండలములు వచ్చిన యా సంధికాలములో ఆ స్థానమును పార్టీ నాయకుడు భర్తీ చేసెను. మునసబునకు కనీసము ఒక రిజిస్టరు, ఒక సంతకము, తహసీలుదారునకు జవాబు చెప్పవలసిన భయము ఉండెడివి; క్రొత్తవానికి వ్రాతలో ఏ బాధ్యతయు లేదు. అతడు ఫోను చేయును, అంతే. ప్రభుత్వము మారినపుడు అతడు మారును గాని ఫోను ఆగదు. పైగా సబ్ ఇనస్పెక్టరు ఎవరు రావలెను, ఎంతకాలముండవలెను అనునది కూడ అతని సిఫారసు ఉత్తరమునకు లోబడునన్న నమ్మకము సర్వత్ర వ్యాపించుటచే, ఠాణాలో కూర్చున్న అధికారి దృష్టి తలుపువైపు కంటె ఫోనువైపు ఎక్కువగా నిలుచుచున్నది.

ప్రకాశ్ సింగ్ వ్యాజ్యములో సుప్రీంకోర్టు 2006 సెప్టెంబరు 22న ఇచ్చిన ఆదేశములలో ఠాణా అధికారికి కనీసము రెండేండ్ల పదవీకాలము ఉండవలెనన్నది ఒకటి. పోలీసు శాఖలోనే అత్యున్నత పదవులు నిర్వహించిన ప్రకాశ్ సింగ్, పోలీసును రాజకీయములనుండి విడిపింపుడని కోర్టుకెక్కుట ఈ కథలో ఒక విశేషము. ఆ యాదేశములు దేశములో ఎక్కడను పూర్తిగా అమలు జరుగకుండుట విశేషము కాని విశేషము.

ఠాణా లోపలినుండి

ఇంతవరకు బయటినుండి చూచితిమి. లోపలినుండి చూచినచో ఎట్లుండును? కానిస్టేబులు దినమంతయు కలిసికొను మనుష్యులు ఫిర్యాది, ముద్దాయి, సాక్షి అను మూడు తరగతులలో ఇముడుదురు. మొదటివాడు అతిశయోక్తి చెప్పును, రెండవవాడు అబద్ధము చెప్పును, మూడవవాడు ఏమియు చూడలేదని చెప్పును. పంట బాగుగా పండి, పిల్ల పెండ్లి సవ్యముగా జరిగి, ఎవరితోడను తగవు లేని మనిషి ఠాణాకు రాడు. వచ్చినను పాసుపోర్టు విచారణకో, పోయిన సెల్‌ఫోను కొఱకో వచ్చును. ఇరువదేండ్లు ఇట్టి నోళ్ళే వినినవానికి లోకమంతయు ఇట్టిదే యను తీర్మానము కలుగుట దుర్మార్గము కాదు, వృత్తి తెచ్చిపెట్టిన దృష్టిదోషము.

దీనికి తోడు బందోబస్తు. మంగినపూడి తీరమున కార్తిక పూర్ణిమ స్నానములు, హంసలదీవిలో మాఘపూర్ణిమ ఉత్సవము, మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుని సన్నిధి రద్దీ, మంత్రుల రాకపోకలు, పరీక్షలు, ఎన్నికలు: వీనిలో ఎచ్చటను కానిస్టేబులునకు ఎదుటనున్నది మనిషి కాదు, గుంపు. గుంపును నెట్టుట అతని పని. ఆంధ్రప్రదేశములో పోలీసులకు వారమునకొక దినము సెలవన్న మాట 2019లో గాని ప్రభుత్వ నిర్ణయముగా వెలువడలేదు. అదియు సిబ్బంది కొరతలో చిక్కుకొన్నది. 1977లో ధర్మవీర అధ్యక్షతన ఏర్పడిన జాతీయ పోలీసు కమిషను తన మొదటి నివేదికలోనే, 1979లో, కానిస్టేబులు స్థితిగతులనే ప్రధానముగా ఎత్తుకొనుటకు కారణము లేకపోలేదు. చేరినపుడు కానిస్టేబులుగా చేరినవాడు పాతికేండ్లకు కూడ హెడ్డు కానిస్టేబులు దాటుట దుర్లభమైన శాఖలో, పైవాడు తనను ‘రా’ యని పిలుచుచుండగా, తాను ఎదుటి కూలివానిని ‘మీరు’ అనవలెనని అతనికి తోచదు. అతని అధికారము చెల్లునది తన ముందు నిలుచున్న ఆ ఒక్క దిక్కులేని మనిషి మీదనే. ఆ మనిషికి సిఫారసున్నదని తెలిసిన మరుక్షణమే, అదే కానిస్టేబులు కుర్చీ చూపి “కూర్చోండి సార్, టీ చెప్పనా?” యనును. మర్యాద అతనికి తెలియకపోలేదు. అది ఎవరికి చెల్లింపవలసినదో పైనుండి నేర్పబడినది.

ఠాణాలో మరొక లెక్క కూడ కలదు. నమోదైన ప్రతి కేసును నెలాఖరు నేర సమీక్షలో పై అధికారి యెదుట ప్రశ్నగా నిలుచును. నమోదు కానిది ఎవరినీ బాధింపదు. కావున స్టేషను రైటరు “ఎస్సైగారు బందోబస్తుకు పోయినారు, సాయంత్రము రండి” యనును. సాయంత్రము ఎదుటి పక్షమును కూడ పిలిపించి రాజీ కుదుర్చుదురు. ఈ రాజీలో కొన్ని నిజముగానే మేలైనవి. కోర్టులో పదేండ్లు నలుగవలసిన తగవు ఒక సాయంత్రములో తెగుట పల్లెకు ఊరట. కాని రాజీకి కూర్చున్న ఇరుపక్షములలో బలము గలవాడు తన పెద్దమనిషితో వచ్చును, బలము లేనివాడు తన భార్యతో వచ్చును. ఆ రాజీ ఎవరివైపు మొగ్గునో వేరుగ చెప్పనక్కరలేదు. విచారణార్హమైన నేరమును తెలిపినపుడు ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేయుట తప్పనిసరియని లలితాకుమారి కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము 2013 నవంబరు 12న తేల్చిచెప్పినది ఈ అలవాటును ఉద్దేశించియే.

ఈ మొత్తము సంబంధమును ఒకేచోట చూడదలచినవారు సంక్రాంతికి డెల్టాకు రావలెను. పండుగ ఇంకను కొన్ని వారములుండగనే పోలీసులు ఊరూర తిరిగి కోడిపందెములు నిషిద్ధమని మైకులో చాటుదురు. నిర్వాహకులను, కోడి కాలికి కత్తి కట్టువారిని తహసీలుదారు నెదుట బైండోవరు చేయుదురు. కత్తులు పట్టుకొని పత్రికలకు ఫొటో లిత్తురు. 1960 నాటి జంతుహింస నిరోధ చట్టము, 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగు చట్టము, 2016 డిసెంబరులో హైదరాబాదు హైకోర్టు ఇచ్చిన ఆదేశము అన్నియు వారి పక్షముననే యున్నవి. భోగినాటి ఉదయము బరులు వెలయును, డేరాలు లేచును, కార్లు బారులుతీరును. నిన్నటిదాక హెచ్చరికలు చేసిన కానిస్టేబులు ఆ బారులను సరిచేయుచు దూరముగా నిలుచుట ఎవరికిని వింతగా తోచదు. కనుమ దాటిన పిదప చట్టము మరల మేల్కొనును. ఆ మూడు దినములలో కానిస్టేబులు నేర్చుకొనునది చట్టము ఫోనుకంటె చిన్నదని. చూడవచ్చిన కుఱ్ఱవాడు నేర్చుకొనునదియు అదియే. మిగిలిన యేడాది పొడవున, మామిడితోటలో నలుగురు కూలీలు పేకముక్కలతో పట్టుబడినపుడు చట్టము తన పూర్తి యెత్తును చూపుట చూచి, పల్లె మరొకమారు ఆ పాఠమును వల్లెవేసికొనును.

ఉప్పునీటి దగ్గర

నడిమి మనిషి లేనిదే పని జరుగదన్న ఈ నియమమునకు అపవాదము కూడ ఇదే జిల్లాలో, భూమి ముగిసిపోవు చోట, కనబడుచున్నది. 1977 నవంబరు 19న ఉప్పెన పదివేలకు పైగా ప్రాణములను బలిగొని, పాలకాయతిప్ప, హంసలదీవి, సొర్లగొంది వంటి తీరగ్రామములను తుడిచిపెట్టినపుడు, శవముల నేరి, దారులు తెరచి, అన్నపు పొట్లములు పంచిన పనిలో పోలీసులు, సైనికులు, విద్యార్థులు, స్వచ్ఛంద సేవకులు, బ్రతికి బయటపడిన ఊరివారు ఒకరి ప్రక్క నొకరు నిలిచిరి. నాటి దివిసీమలో పునర్నిర్మాణమునకు మండలి వెంకటకృష్ణారావు వంటి నాయకుడు దొరకుట ఆ ప్రాంతపు అదృష్టము; కాని తొలి దినములలో సిఫారసు చెప్పుటకు ఎవరికిని తీరిక లేదు, వినుటకు ఠాణా లేదు. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజి నుండి 11.43 లక్షల క్యూసెక్కుల వరద దిగువకు దూకినపుడు కూడ, లంకగ్రామములనుండి ముసలివారిని పిల్లలను పడవలపై తరలించు వేళ, పోలీసు ముందుగా అడిగిన ప్రశ్న ఇంకను లోపల ఎందరున్నారని.

ఆపద్ధర్మము నిత్యధర్మము కాజాలదని కొందరనవచ్చును. అందుచే నిత్యము జరుగుదానినే చూతము. కేంద్రప్రభుత్వము 2005లో ప్రారంభించి, 2008 నవంబరు నాటి బొంబాయి దాడుల పిదప బలపరచిన తీరరక్షణ పథకములో భాగముగా మన తీరమున మెరైను పోలీసు ఠాణాలు వెలసినవి. బందరు చెంత గిలకలదిండిలో ఒకటి, కృష్ణ సాగరమున కలియు చోట పాలకాయతిప్పలో ఒకటి. భూమిమీద శిక్షణ పొందిన పోలీసునకు ఇక్కడ ఒక ఇబ్బంది ఎదురైనది. పోటు ఎప్పుడో, పాటు ఎప్పుడో, మొగలో ఇసుకమేట నిన్నటినుండి నేటికి ఎటు జరిగినదో, దూరమున కదలు పడవ మనదో పరాయిదో అతనికి తెలియదు, పల్లెకారునికి తెలియును. తీరమును కాచు పనిలో కన్నులు చెవులు పల్లెకారులవే కావలసివచ్చినవి. వారిని బెదరించి సమాచారము రాబట్టుట సాధ్యముకాదు. వేటకు పోయిన పడవ ఏమి చూచినదో వచ్చి చెప్పుట వారి ఇష్టముపై ఆధారపడి యున్నది. ఏప్రిలు 15 నుండి జూను 14 వరకు అరువది యొక్క దినముల వేట నిషేధమును అమలుపరచునపుడు ఇరుపక్షములకును ఘర్షణలు కలుగకపోవు. అయినను హంసలదీవి కెరటములలో చిక్కిన యాత్రికుని ఒడ్డుకు చేర్చుటకో, తిరిగిరాని పడవను వెదకుటకో ఉభయులు కలిసి ఒకే పడవ ఎక్కవలసియుండును.

ఇక్కడ పోలీసు సహజముగా మంచివాడై పోయెనని నేననుట లేదు. ఎదుటి మనిషికి తెలిసినది తనకు తెలియదన్న సంగతి అతనికి ఇక్కడ ప్రతిదినము గుర్తుకు వచ్చుచున్నది, అంతే. అవసరమున్నచోట మర్యాద పుట్టినది. ఊరి ఠాణాలో ఆ యవసరము లేదు, ఏలయన కావలసిన సమాచారమంతయు నడిమి మనిషి ఇంటిముంగిటికే తెచ్చి యిచ్చుచున్నాడు.

చట్టము తెరచిన తలుపు

కావున పరిష్కారమును పోలీసుల మంచితనములో వెదకుట వృథా. నడిమి మనిషి అవసరమును తగ్గించు యేర్పాటులలో వెదకవలెను. అట్టి యేర్పాటులు కాగితముపై ఇదివరకే కలవు. క్రొత్త న్యాయచట్టములలో ఒకటైన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారము నేరము ఎక్కడ జరిగినను ఏ ఠాణాలోనైనను ఫిర్యాదు ఇయ్యవచ్చును. దానిని జీరో ఎఫ్.ఐ.ఆర్. అందురు. ఎలక్ట్రానికు మార్గమున కూడ పంపి, మూడు దినములలోగా సంతకము చేయవచ్చును. నకలు ఉచితముగా ఇచ్చి తీరవలెను. ఠాణావారు నిరాకరించినచో ఎస్పీకి, అప్పటికిని కాకున్నచో మేజిస్ట్రేటునకు వ్రాసికొను హక్కు కలదు. తొంబది దినములలో దర్యాప్తు ఎంతవరకు వచ్చినదో ఫిర్యాదికి తెలుపవలెను. స్త్రీలను, పదునైదేండ్లలోపు బాలురను, అరువదేండ్లు దాటినవారిని, వికలాంగులను సాక్ష్యమునకై ఠాణాకు పిలువరాదు. వారి యింటికే పోవలెను. అరెస్టు విషయమున డి.కె. బసు కేసులో 1996లో సుప్రీంకోర్టు విధించిన నియమములు, ఠాణాలలో సి.సి. కెమేరాలు ఉండవలెనని 2020 డిసెంబరులో ఇచ్చిన తీర్పు వీనికి తోడు. ఇన్ని హక్కులు చేతిలో నుండగా మన రైతు ఇంకను గ్రామనాయకుని యింటికే పోవుచున్నాడన్నచో, ఈ హక్కులు అతనికి తెలియకపోవుట ఒక కారణము, తెలిసి అడిగినవానిపై “లాయరు మాటలు మాట్లాడుచున్నావా?” యను గద్దింపు రెండవ కారణము.

పరిచయము లేనిచోట చట్టము ఒక్కటియే చాలదని ఇరుగుపొరుగు అనుభవములు కూడ చెప్పుచున్నవి. కేరళలో 2008లో మొదలైన జనమైత్రి పథకమున బీటు పోలీసు తన పరిధిలోని ఇంటింటికిని పోయి, నేరము జరుగకమునుపే మనుష్యులను ఎరుగవలెనని నియమించిరి. జపానులో కోబన్ అను చిన్న ఠాణాలోని పోలీసు పేటలోని కుటుంబములను దర్శించుట దీర్ఘకాలపు ఆచారము. మన రాష్ట్రములో 2019లో గ్రామ సచివాలయములతో పాటు వచ్చిన మహిళా సంరక్షణ కార్యదర్శులు, పిదప మహిళా పోలీసులని పిలువబడినవారు, ఈ దిశగా పడిన అడుగే. లాఠీ లేని, ఊరిలోనే ఉండు, స్త్రీలు వాకిట నిలిచి మాటాడగల పోలీసు మనిషి డెల్టా పల్లెకు మునుపెన్నడును లేదు. ఐతే ఆమెకు సచివాలయపు ఇతర పనుల నెన్నింటినో అంటగట్టి, అధికారమెంతో బాధ్యతయెంతో స్పష్టపరుపక విడుచుటచే ఆ అడుగు తడబడినది. ఆ పదవిని సరిదిద్దుట క్రొత్త ఠాణాలు కట్టుటకంటె అగ్గువ.

ఇవన్నియు ప్రభుత్వము చేయవలసినవి. మనము చేయవలసినది ఒకటి మిగిలియున్నది, అది చెప్పుటకు కొంచెము కష్టము. ఈ వ్యాసమును చదువు మనలో అనేకులకు ఠాణా అనగా భయము లేదు. మన సెల్‌ఫోనులో ఒక నంబరుండును, ఆ నంబరున్న మనిషి మరొకరికి చెప్పును, మన పని యగును. బండి పట్టుబడినను, అద్దెకున్నవాడు ఖాళీ చేయకున్నను, బావమరిది తాగి గొడవపడినను మనము మొదట చేయునది ఆ ఫోనే. పోలీసులు పక్షపాతులని సాయంత్రము అరుగుమీద విమర్శించువారమును మనమే. మన ఒక్కొక్క ఫోనును విని వరుస దాటించిన సబ్ ఇనస్పెక్టరు, ఆ వరుసలో ముందు నిలిచియున్న నంబరు లేని మనిషిని ఒక మెట్టు వెనుకకు జరిపినాడు. మునసబు పదవిని ఒక ఆర్డినెన్సు రద్దు చేయగలిగినది. అతని స్థానమున కూర్చున్నవానిని రద్దుచేయు శాసనము ఏ శాసనసభయు చేయజాలదు. అతనికి అధికారమిచ్చినవారము మనము, తిరిగి తీసికొనవలసినవారమును మనమే.